కోరం గారికి ఒక ప్రత్యేక ఆహ్వానితురాలి లేఖ

మహారాజశ్రీ కోరం గారికి,

నమస్కారాలు. సమావేశం చెల్లాలంటే హాజరు కావలసిన కనీస సభ్యుల సంఖ్యే కదా తమరు. నిన్న తమ కోసం మూడు గంటలు ఎదురుచూశాను. తమరు రాలేదు. వరుసగా ఇది మూడోసారి. తెల్లవారకముందే బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చినదాన్ని, తమ దర్శనానికి నోచుకోక మళ్లీ అవే రెండు బస్సులు ఎక్కాను.

మారుమూల ప్రాంతాల ఆరోగ్యం కోసం రెండు విశ్వవిద్యాలయాలు, ఆరోగ్య శాఖ కుదుర్చుకున్న ఒప్పందంలో తమ గురించి పేజీన్నర ఉంది. మారుమూల ఆరోగ్యం గురించి నాలుగు వాక్యాలు.

నిన్న ఆ ఒప్పందం కింద జరిగే సమావేశానికి బల్ల చుట్టూ తొమ్మిది మందిమి కూర్చున్నాం. అయినా తమరు లేరు. ఒక ఆచార్యుల వారు తన బదులు పంపిన మనిషికి సంతకం చేసే అధికారం లేదట. ఇక నేను, ఆరోగ్య కేంద్రంలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న నర్సును, 'ప్రాంత ప్రతినిధి'ని. అంటే ప్రత్యేక ఆహ్వానితురాలిని. మాట్లాడవచ్చు, ఓటు వేయకూడదు, తమ లెక్కలోకి రాకూడదు. బస్సు ఛార్జీ కోసం సంతకం పెట్టించుకున్న కాగితంలో ఉన్నాను. కోరంలో లేను.

ప్రజలకు అందే ఆరోగ్య సేవల రూపకల్పనలో, అమలులో పాల్గొనడం ఆ ప్రజల హక్కూ బాధ్యతా అని 1978లోనే ఆల్మా-ఆటా అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు ప్రకటన చెప్పింది. పాల్గొంటున్నావు కదా అంటారేమో. ఆ గదిలో గోడ గడియారం కూడా పాల్గొంటోంది. దాని మాటైనా కార్యదర్శి మినిట్స్‌లో రాసుకుంటారు.

తమరు నిండుగా కొలువుదీరిన సమావేశం నాకొక్కటే గుర్తుంది. బోర్డు మీద ఏ విశ్వవిద్యాలయం చిహ్నం ఎడమవైపు ఉండాలో తేల్చిన రోజది.

చదువుకునే రోజుల్లోనే విద్యార్థులను పల్లెలకు పంపితే తర్వాత అక్కడ పనిచేయడానికి ముందుకొచ్చే అవకాశం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది, 2021లో మళ్లీ చెప్పింది. పంపుతున్నారు, సంతోషం. వాళ్లు పడుకునేది ఎక్కడ? మా కేంద్రం వెనకాల వసతి గృహం సిద్ధంగా ఉంది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తేలలేదు కాబట్టి తాళం వేసి ఉంది. తేల్చవలసింది తమరు. పోయినసారి వచ్చిన విద్యార్థులు రోజూ పట్నం నుంచి వచ్చిపోయారు. రాత్రి పూట వచ్చే పురుడు ఎలా ఉంటుందో ఒక్కరూ చూడలేదు. అది చూడకుండా మారుమూల వైద్యం ఏం నేర్చుకున్నట్టు?

కెనడాలో మారుమూల ప్రాంతాల కోసం పెట్టిన ఉత్తర ఒంటారియో వైద్య పాఠశాల 2005లో రెండు విశ్వవిద్యాలయాల ఉమ్మడి బిడ్డగా తెరుచుకుంది. 2022లో వాటి నుంచి విడివడి తానే విశ్వవిద్యాలయమైంది. అది చదివిన రాత్రి నాకు చాలా సేపు నిద్ర పట్టలేదు. అసూయతో.

ఇక 'గారు' తీసేస్తున్నాను, కోరం. నువ్వు రాని ప్రతిసారీ వాళ్లకు ఇంకో తేదీ దొరుకుతుంది, అంతే. నాకు మాత్రం ఆ రోజు కేంద్రంలో టీకాలు వేసే మనిషి ఉండదు. పిల్లలను ఎత్తుకుని నడిచొచ్చిన తల్లులు వెనక్కి పోతారు. వాళ్లను ఏ లెక్కలో రాస్తావు? నన్ను లెక్కపెడితే నిన్న నువ్వు వచ్చేవాడివి. ఒక్క తల తక్కువైంది. ఆ తల నా భుజాల మీదే ఉంది!

వచ్చే సమావేశం నెలాఖరున అన్నారు. ముగ్గురు విద్యార్థులు సోమవారం వస్తున్నారు. వసతి గృహం తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో ఒప్పందంలో ఎక్కడా రాయలేదు. ప్రస్తుతం అది నా కొంగున ఉంది.

ఇట్లు,
నీ లెక్కలోకి రాని
ప్రత్యేక ఆహ్వానితురాలు