డ్రమ్ము మీద రాత ఎవరి కోసం?

హెల్సింకీలోని యూరోపియన్ కెమికల్స్ ఏజెన్సీ ఏడాది పొడవునా చేసే పని చూస్తే ఎవరికైనా ఆవలింత వస్తుంది. కంపెనీలు పంపిన దస్త్రాలు తిరగేయడం, డేటా తక్కువైతే మళ్లీ తెమ్మనడం, మామూలుగా ఏటా రెండుసార్లు ‘అత్యంత ఆందోళనకర’ పదార్థాల జాబితాలో కొత్త పేర్లు ఎక్కించడం. 2008లో 15 పేర్లతో మొదలైన ఆ జాబితా ఇప్పుడు 250 దరిదాపుల్లో ఉంది. పేపర్లో హెడ్డింగ్ పెట్టే సరుకు కాదు. కానీ పటాన్‌చెరు నుంచి పరవాడ దాకా రసాయనాల ఎక్స్‌పోర్ట్ ఆర్డర్లు చూసుకునేవాళ్లకు ఆ గుమస్తా పనంటేనే టెన్షన్.

ఎందుకంటే 2007లో అమల్లోకి వచ్చిన ‘రీచ్’ అనే యూరప్ రసాయనాల చట్టం లెక్కను తిరగేసింది. ఏ రసాయనమైనా ఏడాదికి టన్ను దాటి తయారు చేసినా, దిగుమతి చేసుకున్నా రిజిస్టర్ కావాల్సిందే. డేటా లేకపోతే మార్కెట్ లేదు. ఇది విషమని సర్కారు రుజువు చేసేదాకా అమ్ముకోవచ్చనే పప్పులు అక్కడ ఉడకవు. ఎలా వాడితే ప్రమాదం లేదో అమ్మేవాడే చూపించాలి. నూటికి ఐదు దస్త్రాలు తనిఖీ చేస్తే చాలన్న పాత నిబంధనను కూడా 2020లో 20కి పెంచారు.

ఇది చిన్న కంపెనీల నడ్డి విరిచే ఖర్చని, పర్యావరణం పేరుతో కట్టిన వ్యాపార గోడని మన పరిశ్రమ వాదన. ఖర్చు నిజమే. నత్తనడకా నిజమే, ప్రకృతిలో ఓ పట్టాన కరగని పీఫాస్ రసాయనాలను కట్టడి చేయాలని ఐదు యూరప్ దేశాలు 2023లో అడిగితే ఇంకా తెగలేదు. అయితే ఒక మాట. యూరప్ కోసం ఆ ఖర్చు పెట్టేశాక, వచ్చిన సమాచారం ఇక్కడి కార్మికుడికి చెప్పడానికి అదనంగా అయ్యేదెంత?

నా గొడవంతా ఇక్కడే. యూరప్‌లో అమ్మే ప్రమాదకర రసాయన డ్రమ్ము మీద ఎర్ర అంచు డైమండ్ గుర్తు ఉంటుంది. మనిషి బొమ్మ, ఛాతీ మీద నక్షత్రంలా పగిలిన మచ్చ ఉంటే లోపలి సరుకు ఊపిరితిత్తులకో, గర్భానికో, మరో అవయవానికో చేటని. దాని పక్కన రాసే హెచ్చరిక అమ్మే దేశపు అధికార భాషలో ఉండాలని చట్టం. ఎస్తోనియా జనాభా 14 లక్షలు కూడా లేదు, మన పెద్ద జిల్లా ఒకదానికి సరిపోరు. అయినా ఎస్తోనియాలో అమ్మే డ్రమ్ము ఎస్తోనియన్‌లో మాట్లాడాలి. 2011 లెక్కల్లోనే 8 కోట్లు దాటిన తెలుగువాళ్లకు మాత్రం ప్రమాదం ఇంగ్లిష్‌లోనే వస్తుంది. రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పదహారు సెక్షన్ల సేఫ్టీ డేటా షీట్‌ను ఫైల్లో పెట్టి బీరువాకు తాళం వేస్తే ‘కార్మికులకు తెలియజేశాం’ అని టిక్కు పడిపోతుంది. భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో కార్మికులకు ప్రమాదం చెప్పి తీరాలని చేర్చింది ఈ టిక్కు కోసమేనా?

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురం జనం ఊపిరాడక రోడ్డు మీదికి పరుగెత్తారు. సైరన్ మోగలేదు. 12 మంది చనిపోయారు. ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి లీకైంది స్టైరీన్ అనే రసాయనం. పీలిస్తే హానికరం, కడుపులోని బిడ్డకు చేటు చేస్తుందనే అనుమానం ఉంది అని హెల్సింకీ ఏజెన్సీ డేటాబేస్‌లో ఉచితంగా, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ట్యాంకు గోడ అవతల ఇళ్లు కట్టుకున్నవాళ్లకు ఆ రెండు ముక్కలు తెలుగులో ముందుగా చెప్పినవాడు ఎవడు? తెలుగు భాషా దినోత్సవానికి వేసే దండల ఖర్చులో కొంత ఈ రెండు ముక్కల మీద పెట్టి ఉంటే భాషకు నిజంగా సేవ జరిగేది.

రసాయనాల భద్రతకు కొత్త రూల్స్ అంటూ 2020 నుంచి ఢిల్లీలో ముసాయిదాలు నలుగుతూనే ఉన్నాయి. అవి వచ్చేదాకా ఆగక్కర్లేదు. తనిఖీకి వెళ్లే ఇన్‌స్పెక్టర్ మేనేజర్ రూములో టీ తాగే ముందు డ్రమ్ము దగ్గర ఆగాలి. అక్కడ పనిచేసే మనిషి ఏ భాషవాడైతే ఆ భాషలో, తెలుగో, ఒడియానో, హిందీనో, ‘ఇందులో ఏముంది, మీద పడితే ఏం చేస్తావ్?’ అని అడగాలి. అతను నీళ్లు నమిలితే ఆ జవాబునే రిపోర్టులో రాయాలి.