లైబ్రరీలో ఒక చీర, డెవలప్‌లో ఇంకో చీర

ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ గురించి తోటి ఫోటోగ్రాఫర్లు ఎవరు కలిసినా ఇదే ఏడుపు. "లైట్‌రూమ్‌లో ఎక్కించగానే ఫోటో కళకళలాడింది అన్నా, రెండు సెకన్లు తిరక్కుండానే వెలిసిపోయింది. సాఫ్ట్‌వేరే పాడు చేస్తోంది."

పాడు చేయట్లేదు స్వామీ! మొదట కనిపించేది అసలు రా ఫైలే (కెమెరా సెన్సర్ పట్టిన ముడి సరుకు) కాదు. కెమెరా ఆ ఫైల్ లోపల దాచిపెట్టే జేపెగ్ అది. కెమెరా కంపెనీ తన రుచికి ఉప్పూ కారం వేసి వడ్డించిన ప్లేటు. ఆ తర్వాత లైట్‌రూమ్ ఆ ముడి సరుకుని అడోబీ కలర్ అనే ప్రొఫైల్‌తో, అంటే తన రంగుల రెసిపీతో, మళ్లీ మొదటి నుంచి వండుతుంది. రుచి మారదా మరి? కెమెరా రుచే కావాలంటే ప్రొఫైల్స్‌లో కెమెరా మ్యాచింగ్ అని ఉంటుంది, అది పెట్టుకోండి. చాలావరకు దగ్గరికొస్తుంది.

తిట్టేవాళ్లలో నేనూ ఒకణ్ణే, దాచుకోవడం దేనికి. రెండేళ్ల కిందట ఒక పెళ్లి చేశాను. పెళ్లికూతురిది ఎర్ర కంచిపట్టు, ఎరుపు మీద ఎరుపే సెల్ఫ్ బుటాలు. లైట్‌రూమ్‌లో ఫోటోలు ఏరుకునే లైబ్రరీలో ఆ ఎరుపు చూసి మనసు పారేసుకున్నాను. రంగులు దిద్దే డెవలప్‌లోకి వెళ్తే అదే చీర ఇటుకరాయి రంగులో ఉంది. ఇంకేముంది, రంగు గాఢత పెంచే శాచురేషన్ జరిపాను. చాల్లేదని రెడ్ ఒక్కటీ ఇంకాస్త జరిపాను. ఆల్బమ్ చేతికొచ్చాక అమ్మాయి వాళ్లమ్మగారు కళ్లజోడు సరిచేసుకుని అడిగారు: "బాబూ, చీర నిండా బుటాలుండాలి, ఏవీ? ఇది సాదా చీరలా ఉందే!"

నిజమే, బుటాలు లేవు. మడతలు కూడా లేవు. ఎర్ర రంగు డబ్బా ఒలికినట్టుంది. ల్యాబ్‌కి పంపింది ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్. 1996 నాటి ఆ కలర్ స్పేస్‌లో, అంటే రంగులకి గీసిన హద్దులో, ఎరుపుకి 255 దగ్గర గోడ ఉంది. నేను లాగిన లాగుడుకి బుటా ఎరుపు, నేత ఎరుపు రెండూ వెళ్లి ఆ గోడకే గుద్దుకున్నాయి.

అసలు రెండు చోట్లా రంగు ఎందుకు మారింది? లైబ్రరీ చూపించేది ముందే చేసిపెట్టుకున్న ప్రివ్యూ, అడోబీ ఆర్‌జీబీ అనే కలర్ స్పేస్‌లో. డెవలప్ ఎప్పటికప్పుడు లెక్కగట్టి చూపిస్తుంది, అంతకన్నా విశాలమైన ప్రోఫోటో ఆర్‌జీబీలో. అయినా రెండూ చివరికి మానిటర్ ప్రొఫైల్ (ఆ తెర రంగుల్ని ఎలా చూపిస్తుందో చెప్పే ఫైల్) మీదుగానే తెర మీదికొస్తాయి కాబట్టి మామూలుగా పెద్ద తేడా రాకూడదు. ఇక్కడ కుంకుమ, అక్కడ ఇటుక అన్నంత తేడా వస్తే ముందు అనుమానించాల్సింది ఆ ప్రొఫైల్‌నే. విండోస్ కలర్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని తీసేసి ఎస్‌ఆర్‌జీబీ పెట్టి, లైట్‌రూమ్ మూసి తెరిచి చూడండి. నేను పెట్టి చూశాను. రెండు చీరలూ ఒక్కటయ్యాయి. మానిటర్‌తో పాటు వచ్చిందని కళ్లుమూసుకుని ఎక్కించిన ఫైలే నన్ను ముంచింది. రెండు లక్షల కెమెరా కొంటాం, మానిటర్ రంగులు సరిచేసే క్యాలిబ్రేషన్ పరికరం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని పొదుపు గుర్తొస్తుంది!

గ్రెయిన్, అంటే ఫోటో మీద ఇసక చల్లినట్టుండే చుక్కలు, ఆ గొడవ ఇంకోటి. ఫుల్ హెచ్‌డీ తెర మొత్తం కలిపి రెండు మెగాపిక్సెళ్లు. 24 మెగాపిక్సెళ్ల ఫోటోని అందులో ఇరికిస్తే సుమారు పన్నెండు పిక్సెళ్లు కలిసి ఒకటవుతాయి. వెలుతురు చాలక ఐఎస్ఓ 6400కి పెంచి తీసిన అర్ధరాత్రి ముహూర్తం కూడా అప్పుడు నున్నగానే కనిపిస్తుంది. నూరు శాతం జూమ్ చేస్తే ఇసక. లైట్‌రూమే డీటెయిల్ ప్యానెల్లో ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టి మరీ చెబుతుంది, జూమ్ చేసి చూడరా అని. చూసేదెవరు?

ఆ ఎర్ర చీర పేజీలు నా డబ్బులతోనే మళ్లీ ప్రింట్ చేయించాను. ఈసారి డెవలప్‌లో ఎస్ నొక్కి, ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే ముందుగా చూపించే సాఫ్ట్ ప్రూఫ్‌లో బుటాలు లెక్కపెట్టుకుని మరీ పంపాను. అమ్మగారు పేజీ చూశారు, తలూపారు. తర్వాత రంగులు మరీ గాఢంగా చూపే వివిడ్‌లో పెట్టి ఉన్న తన ఫోన్ తీసి, అదే ఫోటో చూపించి అన్నారు: "ఏమైనా ఇందులో ఉన్నంత అందం రాలేదు బాబూ."