గోగునారతో నీటి శుద్ధి: ముందు ఫ్యాక్టరీ గట్టున, తర్వాతే ఇంటి కుండలో

చీపురుపల్లి దగ్గర మా బంధువుల ఇంట్లో బోరు నీళ్లు పట్టే తెల్ల బకెట్టు అడుగున నల్లటి పొర కడుతుంది. గోరుతో గీస్తే మసిలా రాలుతుంది. ఇనుముంటే తుప్పు రంగు దిగేది. నలుపు సాధారణంగా మాంగనీసుకు గుర్తు. 1892 నుంచి మాంగనీసు తవ్వుతున్న విజయనగరం జిల్లా మరి.

కాచి తాగితే చాలదా అని ఇంటివాళ్లు అడుగుతారు. కాచితే క్రిములు చస్తాయి, లోహం ఎక్కడికీ పోదు. నీరు కొంత ఆవిరైపోతుంది కాబట్టి మిగిలినదాంట్లో లోహం ఇంకాస్త చిక్కబడుతుంది. చిల్లగింజ అరగదీసి కలిపితే బురద అడుక్కి దిగుతుంది కానీ, కరిగి ఉన్న లోహం చాలామట్టుకు నీటిలోనే ఉండిపోతుంది.

ఇక్కడే గోగునార, కొబ్బరి పీచు పనికొస్తాయి. నారలోని సెల్యులోజ్, లిగ్నిన్‌ల మీద హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ అనే రసాయన కొక్కేలుంటాయి. సీసం, రాగి, కాడ్మియం లాంటి లోహ అయాన్లు వచ్చి, అక్కడున్న హైడ్రోజన్‌నో సోడియాన్నో పక్కకు తోసి ఆ చోట్లో కూర్చుంటాయి. నారను సిట్రిక్ ఆమ్లంలో నానబెట్టి వేడి చేస్తే కొక్కేలు పెరుగుతాయి. నీటిలో ఆమ్లగుణం ఎక్కువైతే మాత్రం హైడ్రోజన్ పోటీకి వచ్చి లోహానికి చోటు దొరకనివ్వదు.

గొప్పలకు పోకుండా ఒక మాట చెప్పాలి. ఈ నార సీసాన్ని పట్టినంత గట్టిగా మాంగనీసును పట్టదు. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అవి కూడా అదే చోటు కోసం తోసుకుంటాయి. ఫ్లోరైడ్‌కు, ఆర్సెనిక్‌కు పచ్చి నార దాదాపు పనికిరాదు. తాగునీటిలో లీటరుకు సీసం 0.01 మిల్లీగ్రాము, మాంగనీసు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణం. అంత సన్నని గీత దగ్గర ఇంట్లో కుండలో నార చుట్టి ధైర్యంగా తాగమని నేనైతే ఎవరికీ చెప్పను. పైగా శుద్ధి చేయని పీచు నీటికి రంగు, వగరు ఎక్కిస్తుంది.

అందుకే దీని మొదటి చోటు ఇల్లు కాదు. పారిశ్రామికవాడల్లో లోహాలు కలిసిన వ్యర్థజలం, గరివిడి చుట్టుపక్కల గనుల గుంతల్లో నిలిచిన నీరు: పరీక్ష అక్కడ మొదలుకావాలి. అక్కడ లోహం మోతాదు ఎక్కువ, కాపలాకు మనిషి ఉంటాడు, వచ్చే నీటినీ పోయే నీటినీ రోజూ కొలవవచ్చు.

సరుకు మన చేతిలోనే ఉంది. మొన్నమొన్నటి దాకా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగు మెట్టరైతుకు చేతికి డబ్బు తెచ్చే పంట. కోసిన మోపులు రెండు మూడు వారాలు చెరువులో ఊరేవి. ఆ కంపులో మోకాలి లోతు నీటిలో నిలబడి, కట్టెను చరిచి నారను ఒక్క లాగులో ఒలిచిన ఆడవాళ్ల వేళ్లు ఎలా నానిపోయి ఉండేవో చూసినవారికి తెలుసు. జూట్ మిల్లులు పలుచోట్ల మూతపడ్డాయి, పంట కుంచించుకుపోయింది. ఆమదాలవలస పరిశోధన కేంద్రం ఏఎంవీ పేరుతో గోగు రకాలనే తయారుచేసింది. నార పొడుగు, బలంతో పాటు లోహాన్ని పట్టే గుణాన్ని కూడా అక్కడ కొలవాలి.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది వాడిన నార సంగతి. లోహం మాయం కాలేదు, నీటిలోంచి నారలోకి మారింది, అంతే. పొయ్యిలో పెడితే బూడిదలోకి, గట్టున పడేస్తే వానకు మళ్లీ చెరువులోకి చేరుతుంది. పలుచని ఆమ్లంతో కడిగితే లోహం వదులుతుంది, నార మళ్లీ కొన్నిసార్లు పనిచేస్తుంది. ఆ కడుగు నీటికి సున్నం కలిపి మడ్డిని వేరు చేసి, విశాఖ దగ్గరి పరవాడలో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఆ ఖర్చు ఫ్యాక్టరీదని ఒప్పందంలోనే రాయాలి. ఆ కాగితం లేనిదే పథకం మొదలుపెట్టకూడదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి కూడా చెప్పాలి. అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో వచ్చే నీరు ప్రతి ఇంటికీ, ప్రతి రోజూ అందేలా చూడటమే అక్కడ చేయాల్సిన పని. డయాలసిస్‌కు బస్సెక్కే మనిషికి కొబ్బరి పీచు ఫిల్టరును మందులా అమ్మజూపే వాళ్లు వస్తే, ఊరి పొలిమేరలోనే ఆపి, పరీక్ష కాగితాలు చూపమని అడగండి.