టెలోమరేజ్ గారిపై ఒక ఫిర్యాదు

మన ఒంట్లో ఇంత పక్షపాతం నడుస్తుంటే ఎవరూ నోరెత్తరేం? నేను మాట్లాడుతున్నది టెలోమరేజ్ అనే ఎంజైమ్ గారి గురించి.

కణం విడిపోయే ముందు క్రోమోజోముల్లోని డీఎన్ఏకు నకలు తీస్తుంది. నేల తుడిచేవాడు తాను నిలబడ్డ చోటు వదిలేసినట్టు, ఆ నకలు యంత్రం చిట్టచివరి ముక్కను వదిలేస్తుంది. అందుకే, పోయినా అసలు సమాచారం పోకుండా, కొసల్లో టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల మాట పదేపదే రాసి ఉంటుంది. పరీక్షలో పేజీలు నింపడానికి రాసిందే రాసినవాళ్లకు ఈ ఏర్పాటు ఇట్టే అర్థమవుతుంది. ఒక్కో విభజనకు సుమారు 50 నుంచి 200 అక్షరాలు అరుగుతాయి. వాటిని మళ్లీ రాయడమే టెలోమరేజ్ గారి డ్యూటీ. చూసి రాయడానికి కావలసిన ఆర్ఎన్ఏ చీటీ ఎప్పుడూ వారి దగ్గరే ఉంటుంది. కాపీ కొట్టడానికి అంత దర్జాగా వచ్చేవాళ్లు ఇంకెవరున్నారు!

అయినా రాయరు. వీర్యకణాలను పుట్టించే కణాల దగ్గర ఓవర్‌టైమ్ చేస్తారు. మూలకణాల దగ్గర అరపూట పని. మిగతా కణాల్లో చాలావాటి దగ్గర ఆఫీసుకు తాళం. అందుకే గాజుపాత్రలో పెంచిన మామూలు మనిషి కణాలు 40 నుంచి 60 విభజనలకు ఆగిపోతాయని హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు 1961లోనే తేల్చారు. రిటైర్మెంటే, పొడిగింపు లేదు.

పోనీ సెలవులంటే ఇష్టమా అంటే అదీ కాదు. 1984లో శాస్త్రవేత్త ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ ల్యాబులో ఆమె విద్యార్థిని క్యారల్ గ్రైడర్‌కు వారి జాడ తెలిసింది సరిగ్గా క్రిస్మస్ రోజునే. అదీ టెట్రాహైమినా అనే మంచినీటి ఏకకణ జీవిలో! దానికోసం పండగపూట కూడా పని, మనకు మాత్రం మొండిచెయ్యి. పట్టుకున్నందుకు వాళ్లిద్దరికీ, మరో శాస్త్రవేత్త షోస్టాక్‌తో కలిపి, 2009లో నోబెల్ వచ్చింది. పట్టుబడ్డవారి మీద చర్య మాత్రం లేదు.

మరి తాళం తీయించుకున్నదెవరు? క్యాన్సర్. సుమారు 85 నుంచి 90 శాతం క్యాన్సర్లలో ఈ ఆఫీసు రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. ఆ తాళం వేసిందే ఇలాంటివాళ్లను ఆపడానికని పెద్దలంటారు. సరే, దొంగ దగ్గర మారుతాళం ఉంది కదా అని ఇంటికి తాళమే వద్దంటామా?

అంటాం. టెలోమరేజ్‌ను నిద్రలేపి యవ్వనం తెస్తామనే మాత్రలు అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లూ ఉన్నారు. నేనూ సీసా మీద రాసింది రెండుసార్లు చదివాను, దాచడమెందుకు.

విచారణ జరిపితే నాదొక్కటే మనవి: ల్యాబు ఎలుకను సాక్షిగా పిలవకండి. దాని కొసలు మనవాటికన్నా చాలా పొడవు, చాలా అవయవాల్లో టెలోమరేజ్ గారు డ్యూటీలోనే ఉంటారు. అది బతికేది రెండు మూడేళ్లు.