బరువు సరిపోతే చాలదు, అది ఎక్కడుందో చూడాలి
స్ప్రింగ్‌షార్ప్‌లో (యుద్ధనౌకల డిజైన్ లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్) 10,000 టన్నుల లోపు బరువు కుదిరితే ఊహా క్రూయిజర్ (వేగంగా పోయే మధ్యస్థాయి యుద్ధనౌక) డిజైన్ పూర్తయినట్టేనని వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. 1922 వాషింగ్టన్ ఒప్పందం పెట్టిన ఆ పరిమితి మొదటి మెట్టు మాత్రమే. ఆ బరువు ఎంత ఎత్తులో కూర్చుందన్నదే అసలు లెక్క. గురుత్వ కేంద్రానికి 12 మీటర్ల ఎత్తున 100 టన్నుల తుపాకులు కొత్తగా చేర్చి చూడండి, ఆ కేంద్రం దాదాపు 12 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. మెటాసెంట్రిక్ ఎత్తు (ఒరిగిన ఓడ తిరిగి నిటారుగా లేచే నిలకడకి కొలత) మీటరు చుట్టూ ఉన్న ఓడకి అది పెద్ద కోత. మన నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె చేపల బోట్లలో ఐసు డెక్కు మీద గుట్టపోయకుండా అడుగు గదిలో నింపేదీ ఇందుకే. వెడల్పు పెంచితే నిలకడ వస్తుంది నిజమే, కానీ మరీ పెంచితే ఓడ గబగబా ఊగి ఫిరంగుల గురి చెడుతుంది. ఇక వేగం 30 నాట్ల నుంచి 33కి లాగితే ఇంజన్ పవర్ కనీసం మూడో వంతు పెరగాలి. ఆ బరువు కవచంలోంచి తియ్యకపోతే హల్ స్ట్రెంత్ (ఓడ ఒంటి గట్టిదనానికి ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకె) సరిపడా అనిపించే 1.00 కిందికి జారుతుంది. హెచ్‌ఎంఎస్ కెప్టెన్ అనే బ్రిటిష్ యుద్ధనౌకనే చూడండి, కట్టేటప్పుడే బరువు పెరిగిపోయి, నీటిపైన 8 అడుగులు ఉండాల్సిన డెక్కు ఆరున్నర అడుగులకి దిగింది. పైన ఎత్తైన తెరచాప స్తంభాలు. 1870 సెప్టెంబరులో గాలివానకి బోల్తాపడింది.