సీసా ఒకటే, ధర రెండు

ఒకే స్కాచ్‌కు ఒకే ఊళ్లో రెండు ధరలు. శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ దాటకముందు డ్యూటీ ఫ్రీ షాపులో ఒకటి, దాటి వచ్చాక వైన్ షాపులో మరొకటి. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు 2 లీటర్ల వరకు మద్యాన్ని సుంకం కట్టకుండా తెచ్చుకోవచ్చని బ్యాగేజీ నిబంధనలు చెబుతున్నాయి. దుబాయ్‌లో విమానం ఎక్కేముందు కొన్నా, ఇక్కడ దిగాక కొన్నా లెక్క ఆ 2 లీటర్లే. పండక్కి వచ్చే అమెరికా అల్లుడైనా, సెలవు మీద వచ్చే జగిత్యాల కార్మికుడైనా ఇంటి నుంచి ఫోన్లో వినే మాట ఒకటే: ‘వచ్చేటప్పుడు ఒక బాటిల్ పట్టుకురా’. సౌదీ నుంచో, కువైట్ నుంచో వచ్చేవాడికి అక్కడ మందు కొనే వీలే లేదు, శంషాబాద్ షాపే దిక్కు.

కొనేవాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఇంత తేడా ఎందుకుందన్నదే అసలు ప్రశ్న.

ఈ మినహాయింపు పుట్టింది వేరే అవసరం కోసం. 1947లో ఐర్లండ్‌లోని షానన్ విమానాశ్రయంలో బ్రెండన్ ఓ రీగన్ తొలి డ్యూటీ ఫ్రీ దుకాణం తెరిచారు. అట్లాంటిక్ మీదుగా వెళ్లే విమానాలు ఇంధనం కోసం అక్కడ ఆగేవి. ఆ ప్రయాణికులు ఐర్లండ్‌లో ఉండిపోయేవారు కాదు, కొన్న సీసాను అక్కడ తాగేవారూ కాదు. అలాంటప్పుడు ఐర్లండ్ పన్ను వేయడంలో అర్థం లేదు. దిగాక కొనే షాపుకు ఈ తర్కం అతకదు. అక్కడ కొన్న సీసా కాసేపట్లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేస్తుంది. చట్టం మాత్రం, కస్టమ్స్ దాటనంతవరకు ఆ సరుకు దేశంలోకి రానట్టే లెక్కిస్తుంది. బెంగళూరు విమానాశ్రయ దుకాణాల కేసులో 2012లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: అక్కడి అమ్మకం మీద రాష్ట్రం అమ్మకపు పన్ను వేయడానికి వీల్లేదు.

బయట పరిస్థితి చూడండి. స్కాచ్ మీద దిగుమతి సుంకం 2025 వరకూ ఏళ్ల తరబడి 150 శాతం. ఆ లెక్కన రూ.1,000 విలువతో రేవుకు చేరిన సరుకు సుంకంతోనే రూ.2,500 అవుతుంది. రాష్ట్ర పన్నులు, షాపుల మార్జిన్లు అక్కడి నుంచి మొదలవుతాయి. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి రాష్ట్రాలకు ఇది చేతికందే ఖజానా. తెలంగాణలో 2025లో షాపు కోసం దరఖాస్తు పెట్టుకోవడానికే రూ.3 లక్షలు, లాటరీలో పేరు రాకపోయినా ఆ డబ్బు తిరిగిరాదు. క్వార్టర్ బాటిల్ కొనే కూలీ దగ్గర ఇంత గట్టిగా వసూలు చేసే వ్యవస్థ, విమానం టికెట్ కొనగలిగినవాడికి మాత్రం పన్ను మొత్తంగా వదిలేస్తోంది. ఇది న్యాయమని ఎవరూ వాదించలేరు. వాదించే అవసరం కూడా ఎవరికీ రాలేదనుకోండి!

ఈ తేడా చుట్టూ చిన్న బజారే తయారైంది. మందు తాగని తోటి ప్రయాణికుడిని పట్టుకుని, ‘సార్, మీ పాస్‌పోర్ట్ మీద రెండు బాటిళ్లు తీసుకుంటాం’ అని అడిగేవాళ్లుంటారు. సొంతానికని తెచ్చిన సీసాలు చేతులు మారి అమ్మకానికి చేరతాయి. ఇటు గోవా, హరియాణాల నుంచి వచ్చే పన్ను కట్టని మద్యాన్ని ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటూనే ఉన్నారు. దారులు వేరైనా, కారణం ధరల తేడాయే. 2020లో ప్రయాణికుడికి ఒక్క సీసాయే ఇవ్వాలని కేంద్ర వాణిజ్య శాఖ ప్రతిపాదించినట్టు వార్తలొచ్చాయి. అది అమలు కాకపోవడమే మంచిదైంది. పరిమితి తగ్గిస్తే అరువు పాస్‌పోర్టులకు గిరాకీ పెరుగుతుంది తప్ప తేడా తగ్గదు.

కొనేవాళ్లకూ ఒక మాట. డ్యూటీ ఫ్రీ అని బోర్డు ఉన్నంత మాత్రాన ప్రతి సీసా చవక కాదు. ‘ప్రయాణికులకు మాత్రమే’ అంటూ అమ్మే ప్రత్యేక లేబుళ్లు బయట దొరకవు, కాబట్టి ధర పోల్చి చూసే వీలుండదు. వాటిలో చాలావాటి మీద ఎన్నేళ్లు పీపాలో ఉందో రాయరు. ఒకచోట లీటరు సీసా, మరోచోట 750 మిల్లీలీటర్లు, కొన్నిచోట్ల ధర డాలర్లలో. లీటరుకు ఎన్ని రూపాయలో ప్రతి అరలోనూ రాసి పెట్టాలని విమానాశ్రయాలను అడగడం పెద్ద కోరికేమీ కాదు.

2025 జులైలో బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద సుంకం అమలు రోజు నుంచి 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దిగాలి. విస్కీ చవకవ్వాలన్నది ఈ పత్రిక వాదన కాదు. పన్ను ఎంతైనా వేయండి, అది విమానం దిగినవాడికీ బస్సు దిగినవాడికీ ఒకేలా తగలాలన్నదే మా అభిప్రాయం. కేంద్రం సుంకం తగ్గించిన మేరకు రాష్ట్రాలు తమ సెస్సులు పెంచేస్తే తేడా ఎక్కడిదక్కడే ఉంటుంది. అందుకే సుంకం తగ్గిన ప్రతిసారీ ఏ బ్రాండ్ ధర ఎంత తగ్గిందో, మిగిలింది ఎవరి ఖాతాలోకి పోయిందో రెండు తెలుగు రాష్ట్రాల ఎక్సైజ్ శాఖలు బ్రాండ్ల వారీగా ప్రకటించాలి.