సవరణ: బంగారు ఉంగరం మాట పౌలుది కాదు, యాకోబుది

క్రైస్తవ సంఘంలోకి (చర్చికి) వచ్చే కొత్తవారి గురించి రాసిన గత టపాలో, బంగారు ఉంగరం ధరించినవాడికి మంచి స్థానం, మాసిన బట్టల పేదవాడికి పాదపీఠం దగ్గర చోటు చూపడాన్ని అపొస్తలుడైన పౌలు రోమా పత్రికలో (రోములోని క్రైస్తవులకు ఆయన రాసిన ఉత్తరంలో) ఖండించాడని చెప్పాను. అది నా పొరపాటు. ఆ మాటలు బైబిలు కొత్త నిబంధనలోని మరో ఉత్తరం, యాకోబు పత్రిక, 2వ అధ్యాయం మొదట్లో ఉన్నాయి. ఒకరు గుర్తుచేయగా బైబిలు తెరిచి సరిచూశాను. రోమా 15:7లో పౌలు చెప్పింది, క్రీస్తు మనలను చేర్చుకున్నట్టే మనమూ ఒకరినొకరం చేర్చుకోవాలని.

మరొక సంగతి. ధనవంతులను ఆదరించవద్దని నేను అన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. యాకోబు అలా అనలేదు, నేనూ అనలేదు. ఉంగరం ఉన్నవాడిని కూర్చోబెట్టడంలో తప్పు లేదు. అదే నోటితో పేదవాడిని అక్కడ నిలబడమనడమే తప్పు. దాన్ని ఆయన మర్యాదలోపమని సరిపెట్టలేదు, 9వ వచనంలో సూటిగా పాపం అన్నాడు. ఇంత గట్టి మాటను మనం తరచూ తేలిగ్గా దాటేస్తాం, అదే నాకు బాధ.

పరదేశిని మీలో పుట్టినవాడిలా చూడాలి, మీరూ ఐగుప్తులో (ఈజిప్టులో) పరదేశులుగా ఉన్నారు కదా అన్న ఆజ్ఞ మాత్రం నేను రాసినట్టే పాత నిబంధనలోని లేవీయకాండము 19:34లోనే ఉంది. పాత టపాలో యాకోబు పేరు చేర్చాను.